మన ఇంటి మురికి, మన చేతి పని

ఫిఖ్‌హ్ గ్రంథాలలో సాధారణంగా మొట్టమొదట కనిపించే అధ్యాయం పరిశుద్ధతకు సంబంధించినదే. నమాజ్, ఉపవాసం, జకాత్, హజ్ అన్నీ దాని తరువాతే వస్తాయి. మద్రసాలో కొత్తగా చేరిన విద్యార్థి నీటిలో ఎన్ని రకాలున్నాయో, మాలిన్యాలలో ఎన్ని రకాలున్నాయో, వేటిని ఏ విధంగా తొలగించాలో నేర్చుకున్న తరువాతనే తక్కిన పాఠాలలో అడుగుపెడతాడు. అయితే ఆ అధ్యాయాన్ని శ్రద్ధగా చదువుకున్న వారి ఇళ్లలో సైతం మరుగుదొడ్డి మూసుకుపోయి నీళ్లు పైకి ఉబికిన రోజున ఒక వింత జరుగుతుంది. ఇంటి యజమాని ముక్కు మూసుకుని గడప అవతల నిలబడతాడు. "ప్లంబర్‌ను పిలిపించండి" అని ఒక మాట అనేసి తన పని మీద వెళ్లిపోతాడు. ప్లంబర్ రేపు వస్తానంటాడు, ఆ రేపు మరో రెండు రోజులు సాగుతుంది. అంతవరకు ఇంట్లోని వృద్ధురాలైన తల్లి, ఎదిగిన ఆడపిల్ల, చంటిబిడ్డ ఉన్న కోడలు ఏ ఇబ్బంది పడతారో ఆయనకు తెలియదు. మగవాడికి మసీదు ఉంది, దుకాణం ఉంది, స్నేహితుడి ఇల్లు ఉంది. వారికి ఆ ఒక్క గదే దిక్కు.

పాఠక సోదర సోదరీమణులారా! అందుకే ఈ నెల మన చర్చనీయాంశం మూసుకుపోయిన మరుగుదొడ్డి. ఈ మాట పత్రికలో రాయడానికి సంకోచించవలసిన పని లేదు. మన ధర్మవేత్తలు మలమూత్ర విసర్జన మర్యాదల గురించి ఎంతో వివరంగా రాశారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనులలో చేయందించేవారని, తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, తమ వస్త్రాలకు తామే అతుకులు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ద్వారా మనకు తెలుస్తున్నది. ఇంటిపని చేస్తే మగవాడి గౌరవం తగ్గుతుందన్న అభిప్రాయానికి ఆ జీవితంలో చోటు లేదు. మూసుకుపోయిన దొడ్లలో చాలామటుకు ఇంటి మనిషి ఒక గంట శ్రమతో బాగుచేయగలిగినవే. ఎలా చేయాలో, ఎక్కడ ఆగిపోవాలో తెలిసి ఉండాలి, అంతే.

నీళ్లు ఎక్కడ ఆగుతాయి?

కమోడ్ అయినా, నేల మీది బేసిన్ అయినా, దాని అడుగున గొట్టం తిన్నగా దిగదు. ఒకసారి పైకి లేచి, మళ్లీ కిందికి వంగుతుంది. ఆ వంపులో ఎప్పుడూ సుమారు 50 మి.మీ., అంటే రెండు అంగుళాల లోతున నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు కాలువలోని దుర్వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకునేది ఆ నీళ్లే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు లండన్‌లో ఈ వంపు ఉన్న మరుగుదొడ్డికి పేటెంట్ పొందాడు. నేటికీ మన ఇళ్లలో ఉన్నది ఆ ఏర్పాటే. దుర్వాసనను ఆపే ఆ వంపే వస్తువులు ఇరుక్కునే చోటు కూడా. వంపు దాటిన తరువాత గొట్టం నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుంది కనుక అక్కడ అంత తేలికగా ఏదీ ఆగదు.

అడ్డుపడే వస్తువులు నాలుగు రకాలు. మొదటిది మెత్తనిది: మలం, కాగితం. రెండవది గట్టిది: సబ్బు ముక్క, టూత్‌పేస్ట్ మూత, పిల్లల బొమ్మ, షాంపూ సీసా. మూడవది పీచు వంటిది: శానిటరీ ప్యాడ్, చంటిపిల్లల డైపర్, తడి వైప్స్, జుట్టు ఉండలు, గుడ్డపేలికలు. నాలుగవది కొవ్వు. ఈ నాలుగవదాని గురించి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బక్రీద్ రోజున ఖుర్బానీ మాంసం కడిగిన నీళ్లు, పేగులు కడిగిన మురికి, గిన్నెల అడుగున మిగిలిన కొవ్వు మరుగుదొడ్డిలో పారబోసేవారున్నారు. వేడిగా ఉన్నప్పుడు నూనెలా జారిపోయిన కొవ్వు, గొట్టం లోపల చల్లబడి మైనంలా పేరుకుంటుంది. పండుగ ముగిసిన కొన్ని రోజులకు దొడ్డి జామ్ అయిందంటే కారణం దూరంగా వెతకనక్కరలేదు.

మద్రసా వసతిగృహాలలో నేను చూసిన మరొక కారణం మట్టిబెడ్డ. ఇస్తింజాకు మట్టిబెడ్డలు వాడి, ఆ తరువాత నీళ్లతో కడుక్కోవడం పెద్దల కాలం నుంచి వస్తున్న ఆచారం. ఊరి బయట ఆరుబయలు ఉన్న రోజుల్లో దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఫ్లష్ దొడ్డిలో వేసిన బెడ్డ మాత్రం వంపులో కరిగి, బురదై, సబ్బు నురగతో కలిసి గట్టిపడుతుంది. నీళ్లతో మాత్రమే ఇస్తింజా చేసుకున్నా పరిశుద్ధత సంపూర్ణంగా లభిస్తుందని మన ఫిఖ్‌హ్ స్పష్టంగా చెబుతున్నది. నీటి దొడ్డిలో నీళ్లే చాలు. బెడ్డ, టిష్యూ కాగితం వాడేవారు వాటిని పక్కన పెట్టిన డబ్బాలో వేయాలి.

ముందుగా పరీక్ష

పని మొదలుపెట్టే ముందు అడ్డు ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. అది తెలియకుండా చేసే శ్రమలో సగం వృథా.

ఇంట్లో రెండు మరుగుదొడ్లు ఉంటే రెండవదానిలో ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. అది బాగా పోతుంటే అడ్డు మొదటిదానిలోనే ఉన్నది. రెండూ నిలిచిపోతే, లేదా దొడ్డిలో నీళ్లు పోసినప్పుడు స్నానాల గది నేలమీది జాలీలోంచి మురుగు పైకి వస్తుంటే, అడ్డు ఇంటి ప్రధాన గొట్టంలో ఉన్నట్లు. ఆ తరువాత ఇంటి వెలుపల గోడ పక్కన ఉండే చిన్న ఛాంబర్ మూత తీసి కొంచెం దూరంగా నిలబడి చూడండి. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డు దొడ్డికీ ఛాంబర్‌కూ మధ్య ఉన్నది. అది మీ చేతిలోని పని. ఛాంబర్ నిండి ఉంటే అడ్డు ఇంకా ముందుకు, సెప్టిక్ ట్యాంక్ వైపో వీధి డ్రైనేజీ వైపో ఉన్నది. అప్పుడు దొడ్డి దగ్గర ఎంత కష్టపడినా ఫలితం ఉండదు.

ఎలా మూసుకుపోయిందన్నది కూడా ఒక ఆనవాలే. నిన్నటి వరకు చక్కగా పనిచేసి ఈ రోజు అకస్మాత్తుగా ఆగిపోతే ఏదో వస్తువు పడి ఉంటుంది. నెలల తరబడి నీళ్లు నెమ్మదిస్తూ వచ్చి చివరకు ఆగిపోతే కొవ్వో, బోరు నీళ్ల సున్నమో పేరుకున్నదని, లేదా సెప్టిక్ ట్యాంక్ నిండినదని అనుమానించాలి. వానాకాలంలో నేల నీటితో నిండిపోయి ఇంకుడు గుంత నీళ్లు పీల్చుకోలేని రోజుల్లోనూ దొడ్డి నెమ్మదిస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఒక మాట. మీరు నీళ్లు పోయకున్నా మీ దొడ్డిలో మురుగు పైకి వస్తుంటే, మీకు పైన ఉన్నవారి నీళ్లు కిందికి పోలేక మీ ఇంట్లోకి వస్తున్నాయన్నమాట. వెంటనే పై అంతస్తులవారికి కబురు పెట్టి కొద్దిసేపు వాడకం ఆపమనాలి. కబురు అందిన పై ఇంటివారు కూడా "మా ఇంట్లో బాగానే పోతోంది" అని ఊరుకోకూడదు. పొరుగువారి హక్కు ఎంత గొప్పదో మనం ప్రసంగాలలో వింటూనే ఉంటాం. దానిని పాటించవలసిన సందర్భాలలో ఇదొకటి.

పని మొదలుపెట్టే ముందు

మొట్టమొదటి నియమం: నీళ్లు నిలిచి ఉన్నప్పుడు మళ్లీ ఫ్లష్ నొక్కకండి. ఈసారైనా పోతుందేమోనన్న ఆశతో నొక్కిన ఆ ఒక్క నొక్కుతోనే మురుగు గదిలోకి పొర్లుతుంది. ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు వచ్చే చిన్న కుళాయి గోడకు ఉంటుంది. దానిని కుడివైపుకు తిప్పి మూసేయండి.

పిల్లలను దూరంగా పంపండి. కిటికీ తెరవండి. మోచేతుల వరకు వచ్చే రబ్బరు తొడుగులు, పాత బట్టలు, జారని చెప్పులు వేసుకోండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. నమాజుకు వాడే బట్టలు, టోపీ వేరే గదిలో ఉంచండి. నీళ్లు అంచు వరకు ఉంటే పాత మగ్గుతో కొన్ని తోడి బకెట్‌లో పోయండి. ఆ మగ్గు, ఆ బకెట్ ఇక ఈ పనికే కేటాయించాలి. వుజూకు, స్నానానికి వాడకూడదు.

నాలుగు పద్ధతులు

మొదటిది, తేలికైనది, వేడినీళ్లు. అడ్డు మెత్తనిదైనా, కొవ్వు అయినా దీనితోనే పోవచ్చు. గిన్నెలు తోమే ద్రవం అర కప్పు దొడ్డిలో పోసి ఓ పావుగంట ఆగండి. ఆ తరువాత అర బకెట్ వేడినీళ్లు నడుము ఎత్తు నుంచి ఒక ధారగా, చిందకుండా పోయండి. మరిగే నీళ్లు పోయరాదు. మరిగే నీళ్లకు పింగాణీ పగలవచ్చు, పీవీసీ గొట్టం మెత్తబడవచ్చు. స్నానానికి కాచుకునే నీళ్లకన్నా కాస్త ఎక్కువ వేడి ఉంటే చాలు. అరగంట వదిలేసి చూడండి. నీటిమట్టం కొంచెం తగ్గినా పద్ధతి పనిచేస్తున్నట్లే, ఇంకొకసారి చేయవచ్చు.

రెండవది ప్లంజర్, అంటే కర్రపిడికి రబ్బరు గిన్నె అమర్చిన పనిముట్టు. హార్డ్‌వేర్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది, ప్రతి ఇంట్లో ఒకటి ఉండదగినది. కమోడ్‌కు వాడే ప్లంజర్‌కు గిన్నె అడుగున మరొక చిన్న మడత ఉంటుంది. అది రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుంది. నేల బేసిన్‌కు మామూలు గిన్నె చాలు. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు దొడ్డిలో ఉండాలి, ఎందుకంటే గాలిని కొడితే అది నలిగిపోతుంది, నీళ్లను కొడితే ఆ దెబ్బ అడ్డు మీద పడుతుంది. మొదటి నొక్కు మెల్లగా నొక్కి గిన్నెలోని గాలి పోనివ్వండి. ఆ తరువాత రంధ్రం మీద నుంచి గిన్నె లేవకుండా, పదిహేను ఇరవై సార్లు కిందికి నొక్కుతూ పైకి లాగండి. చాలామంది నొక్కుడు మీదే బలమంతా పెడతారు. నిజానికి పైకి లాగే ఊపుకే అడ్డు కదిలి వదులవుతుంది. పక్కన నేల జాలీ అదే గొట్టానికి కలిసి ఉంటే దానిని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే బలమంతా అటునుంచి పోతుంది. ప్లంజర్ లేనివారు పాత మాప్ కర్రకు గుడ్డలు చుట్టి, పైన మందమైన ప్లాస్టిక్ సంచి తొడిగి బిగించి కట్టి అదే విధంగా వాడవచ్చు. నాలుగైదు విడతలు ప్రయత్నించి, మధ్య మధ్య కొంచెం ఆగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పడినది గట్టి వస్తువని తెలిస్తే ప్లంజర్ కొట్టకండి. మగ్గు మూతో, బొమ్మో వంపులో ఇరుక్కుని ఉంటే కొట్టేకొద్దీ మరింత బిగుసుకుంటుంది. దానిని వెనక్కే తీయాలి.

అందుకు మూడవ పద్ధతి, కొక్కెం. బట్టలు తగిలించే ఇనుప హ్యాంగర్‌ను సాగదీసి, కొనను చిన్న కొక్కెంలా వంచి, పింగాణీ గీసుకుపోకుండా ఆ వంపు చుట్టూ సన్నని గుడ్డ బిగించి కట్టండి. వంపులోకి మెల్లగా పంపి, తగిలినదానిని పైకి లాగండి. ప్యాడ్, డైపర్ వంటివి నీళ్లు పీల్చి ఉబ్బి ఉంటాయి. వాటిని ముందుకు తోస్తే గొట్టంలో మరొక చోట ఆగుతాయి, కనుక వెనక్కి లాగడమే క్షేమం. హ్యాంగర్ అందనంత దూరంలో ఉంటే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే స్ప్రింగ్ తీగ తెచ్చుకోండి. దాని పిడిని తిప్పుతూ లోపలికి పంపాలి. ఎక్కడో తగిలి ఆగినప్పుడు బలంగా పొడవకుండా, తిప్పుతూనే ఉంటే కొన అడ్డులో దిగి పట్టుకుంటుంది. అప్పుడు నెమ్మదిగా వెనక్కి లాగాలి.

నాలుగవది, ఛాంబర్ వైపు నుంచి. ఛాంబర్ ఖాళీగా ఉండి, లోపలి నుంచి చేసిన ప్రయత్నం ఫలించకపోతే, ఛాంబర్‌లోకి తెరుచుకునే గొట్టంలోంచి దొడ్డి వైపుకు స్ప్రింగ్ తీగనో, చీల్చిన పొడవాటి వెదురుబద్దనో పంపవచ్చు. బద్ద కొనను నున్నగా చెక్కి గుడ్డ చుట్టాలి. ఛాంబర్ లోతు తక్కువైనదైతేనే, గట్టు మీద కూర్చుని చేయగలిగితేనే ఈ పని చేయండి. ఛాంబర్‌లోకి మాత్రం దిగకండి.

నీళ్లు సుడి తిరిగి ఒక్కసారిగా దిగిపోయినప్పుడు అడ్డు తొలగినట్లు. వెంటనే ఫ్లష్ నొక్కకుండా బకెట్‌తో కొద్దికొద్దిగా నీళ్లు పోసి, రెండు మూడు బకెట్లు ఆగకుండా పోయిన తరువాతనే కుళాయి తెరవండి.

యాసిడ్, కాస్టిక్‌ల విషయంలో

మన ఇళ్లలో చాలామంది మొదట చేసే పని ఒక సీసా యాసిడ్ కుమ్మరించడం. యాసిడ్‌కు సున్నపు పేరుకుదల కరుగుతుంది. ప్యాడ్, ప్లాస్టిక్ మూత, గుడ్డ కరగవు. కాస్టిక్ సోడా పొడి కొవ్వునూ జుట్టునూ కొంతవరకు కరిగించగలదు. అయితే నిలిచి ఉన్న నీళ్లలో వేసినప్పుడు అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ నీళ్లలో ప్లంజర్ కొడితే చుక్కలు కళ్లలో పడి చూపునే పోగొట్టవచ్చు. కనుక రసాయనం పోసిన దొడ్డిలో ప్లంజర్ వాడరాదు. చివరకు ప్లంబర్‌ను పిలిస్తే, ఏమి పోశారో ఆయనకు ముందే చెప్పాలి. చెప్పకుండా దాచడం ఆయన ప్రాణంతో ఆటలాడడమే.

అన్నిటికన్నా ముఖ్యం, యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపకండి. ఒకటి పోసి పనిచేయలేదని రెండవది పోయడం కూడా కలపడమే. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. కళ్లు మండి, దగ్గు తెర ఆగకుండా వస్తే అక్కడ ఒక్క క్షణం ఉండకుండా బయటి గాలిలోకి వెళ్లాలి, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇంట్లో ఈ రసాయనాలు అధికంగా పోస్తే ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చనిపోయి, ట్యాంక్ త్వరగా నిండుతుంది.

ఎక్కడ ఆగాలి?

ఛాంబర్ నిండి ఉన్నా, ఇంట్లోని దొడ్లన్నీ ఒకేసారి ఆగినా, రెండు మూడు గంటల శ్రమకు నీటిమట్టం కదలకపోయినా అక్కడితో ఆపండి. అది ప్లంబర్ పని, లేదా ట్యాంక్ ఖాళీచేసే యంత్రం పని, లేదా పురపాలక సంఘం డ్రైనేజీ సిబ్బంది పని.

సోదరులారా! ఈ వ్యాసంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇక్కడే ఉన్నది. సెప్టిక్ ట్యాంక్‌లోకి మీరు దిగకండి, వేరొకరిని దించకండి. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు పేరుకుని ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువగా ఉంటే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది, వాసన లేదనుకుని దిగిన మనిషి కొద్దిసేపటికే కుప్పకూలుతాడు. అతనిని కాపాడాలని దిగిన రెండవ మనిషి, మూడవ మనిషి అలాగే పడిపోతారు. ఒకే ఇంటిలో తండ్రీకొడుకులు ఈ విధంగా పోయిన వార్తలు మనం చదివే ఉంటాం. మూత తీసి అగ్గిపుల్ల గీసి చూడడం కూడా ప్రమాదమే, మీథేన్ అంటుకుంటుంది.

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, ముందుజాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంక్‌లోకో దించడం నేరం. మొదటిసారికే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మనుషుల చేత మలం ఎత్తించే దురాచారాన్ని రూపుమాపడానికి జీవితాన్ని ధారపోసిన బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. అయినా ఐదువందలో వెయ్యో ఎక్కువిస్తే దిగడానికి ఒప్పుకునే పేదవాడు మనకు ఇంకా దొరుకుతూనే ఉన్నాడు. అతడు దొరకడం అతని ఆకలి వల్ల. ఆ ఆకలిని మన అవసరానికి వాడుకోవడం చట్టానికి మాత్రమే కాదు, అల్లాహ్‌కు కూడా సమాధానం చెప్పుకోవలసిన విషయం. మన పిల్లవాడిని దించలేని గోతిలోకి మరొకరి పిల్లవాడిని దించే హక్కు మనకు లేదు. మనిషి దిగనవసరం లేకుండా గొట్టంతో లాగే వాహనాలు ఇప్పుడు పట్టణాల్లో ఉన్నాయి. వాటినే పిలవాలి. ప్లంబర్ సోదరుడు వచ్చినప్పుడు కూడా "ఏయ్" అని పిలవకుండా భాయ్ అనో అన్నా అనో పిలిచి, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, తువ్వాలు ఇచ్చి, మంచినీళ్లు అందరూ తాగే గ్లాసులోనే ఇవ్వండి. కూలి బేరం పనికి ముందే మాట్లాడుకుని, పని కాగానే చేతిలో పెట్టండి.

"ఎవరు వేశారు?" అని అడగవద్దు

అడ్డు బయటపడిన తరువాత చాలా ఇళ్లలో విచారణ మొదలవుతుంది. అత్త కోడలిని చూస్తుంది. అన్న చెల్లెలిని చూస్తాడు. బయటికి వచ్చినది శానిటరీ ప్యాడ్ అయితే ఆ ఆడపిల్ల తల ఎత్తుకోలేదు. దయచేసి ఆ విచారణ చేయకండి. ఇతరుల లోపాలను కప్పిపుచ్చడం మన ధర్మం నేర్పిన ఉత్తమ గుణాలలో ఒకటి. కొక్కేనికి తగిలినదానిని మౌనంగా కాగితంలో చుట్టి చెత్తలో వేసేయండి. ఆ విషయం అక్కడితో ముగియాలి.

దానికి బదులు ఒక ప్రశ్న మనల్ని మనం వేసుకుందాం. ఆ పిల్ల దానిని ఎక్కడ వేయాలని మనం ఏర్పాటు చేశాం? స్నానాల గదిలో డబ్బా లేదు. వంటింట్లోని చెత్తబుట్ట అందరి కళ్లముందు ఉంది. బయట వేద్దామంటే అన్నదమ్ములు, తండ్రి కూర్చుని ఉంటారు. సిగ్గు గల పిల్లకు మిగిలిన దారి ఆ రంధ్రమే. తల్లులు ఈ మాట తండ్రులకు చెప్పడానికి సంకోచిస్తారు కనుక తండ్రులకు నేనే చెబుతున్నాను. ఈ రోజే బజారుకు వెళ్లి కాలితో నొక్కితే మూత తెరుచుకునే డబ్బా ఒకటి కొని మరుగుదొడ్డి పక్కన పెట్టండి. దాని పక్కనే పాత వార్తాపత్రిక ముక్కలు ఉంచండి, వాటిలో అల్లాహ్ నామం, పవిత్ర వాక్యాలు లేకుండా చూడండి. వాటిలో చుట్టి డబ్బాలో వేయాలని తల్లి కూతురికీ కోడలికీ ఏకాంతంలో చెబుతుంది. డబ్బాను ప్రతిరోజూ బయట పెట్టే పనిని ఇంటి మగవాడే, ఏమీ అడగకుండా, ఏమీ చూడకుండా, తన బాధ్యతగా తీసుకోవాలి. ఎన్ని ప్లంజర్లు కొన్నా కాపాడలేని దొడ్డిని ఈ ఒక్క డబ్బా కాపాడుతుంది, ఆడపిల్ల మర్యాదనూ కాపాడుతుంది.

మిగతా జాగ్రత్తలు చిన్నవే. తడి వైప్స్ ప్యాకెట్ మీద ఏమి రాసి ఉన్నా దొడ్డిలో వేయవద్దు. పండుగ కొవ్వును గట్టిపడనిచ్చి పొట్లం కట్టి చెత్తలో వేయాలి. సబ్బు ముక్కలు, పిల్లల బొమ్మలు దొడ్డి అంచున పెట్టకూడదు. సెప్టిక్ ట్యాంక్‌ను నిండి పొర్లేవరకు ఆగకుండా కొన్నేళ్లకొకసారి యంత్రంతో ఖాళీ చేయించాలి.

పని తరువాత పరిశుద్ధత

పని ముగిసిన తరువాత వచ్చే సందేహాలు కొన్ని. గది నేల, గోడలు, కమోడ్ అంచులు మొదట సబ్బునీళ్లతో, తరువాత శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి. పనిముట్లను కడిగి ఎండలో పెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా వుజూ నీళ్ల బకెట్‌లో ముంచకూడదు. మాలిన్యం ఉన్న చేయి ముంచితే ఆ కొద్ది నీళ్లు కూడా అపవిత్రమవుతాయి.

బట్టల మీద మాలిన్యం కంటికి కనిపిస్తే అది పోయేవరకు కడగాలి. కడిగిన తరువాత కూడా వదలని మరక, కొద్దిపాటి వాసన మిగిలితే దోషం లేదు. కంటికి కనిపించని మాలిన్యమైతే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. ఇది హనఫీ ఫిఖ్‌హ్‌లో చెప్పిన పద్ధతి. సూదిమొన అంత సన్నని మూత్రపు తుంపరలు పడితే అవి క్షమార్హమని కూడా అదే ఫిఖ్‌హ్ చెబుతున్నది. "ఎక్కడైనా ఒక చుక్క పడిందేమో" అన్న అనుమానంతో గంటల కొద్దీ నీళ్లు పారబోయడం పరిశుద్ధత కాదు, అది వస్‌వసా. అనుమానం వచ్చినంత మాత్రాన నిశ్చయంగా ఉన్న శుద్ధి పోదన్నది ధర్మవేత్తలందరికీ తెలిసిన సూత్రం. ఈ పని వల్ల గుస్ల్ తప్పనిసరి కాదు, మాలిన్యం తాకిన చోటు కడుక్కుంటే చాలు. అయితే స్నానం చేసి, శుభ్రమైన బట్టలు తొడుక్కుని, అత్తరు రాసుకుని నమాజుకు వెళితే మనసుకు ఎంతో హాయిగా ఉంటుంది.

పరిశుద్ధత అధ్యాయాన్ని మన పిల్లలు మద్రసాలో పుస్తకం నుంచి నేర్చుకుంటున్నారు. దానిలోని కొంత భాగాన్ని ఇంట్లో తండ్రి చేతుల నుంచి కూడా నేర్చుకోవాలి. తొడుగులు వేసుకుని దొడ్డి బాగుచేస్తున్న తండ్రిని చూసిన కొడుకు రేపు తన ఇంట్లో భార్య మీదకో, పనిమనిషి మీదకో ఆ పనిని తోసేయడు. ఒక పేదవాడిని గోతిలోకి దింపమని ఎవరైనా సలహా ఇస్తే వద్దని చెప్పగలుగుతాడు.

అల్లాహ్ మన ఇళ్లను, మన దేహాలను, మన హృదయాలను పరిశుద్ధంగా ఉంచుగాక! మన మురికిని తొలగించే చేతులను గౌరవించే మనసు మనకు ప్రసాదించుగాక! ఆమీన్.